విశాఖలో ఫొటో ఎడిటింగ్ సర్వీస్: డిస్క్ చేతికొచ్చిన రోజు నుంచి తిరిగిచ్చే రోజు దాకా

"లైట్‌రూమ్ వచ్చు, ఫొటోషాప్ వచ్చు. ఫొటోగ్రాఫర్ల దగ్గర పని తెచ్చుకుని ఇంట్లోనే చేసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?" గాజువాక నుంచి, మధురవాడ నుంచి, అటు విజయనగరం నుంచి కూడా కుర్రాళ్లు ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అంతా వరసగా రాస్తే మేలనిపించింది.

ఇందులో సాఫ్ట్‌వేర్ పాఠాలు ఉండవు. చెయ్యి బాగా తిరిగినవాళ్లు కూడా సర్వీసు నిలబెట్టుకోలేక మానేయడం చూశాను. చాలామంది దగ్గర కారణం ఒకటే. ఫొటోగ్రాఫర్‌కి ఏం కావాలో అడగకుండా తమకు నచ్చినట్టు చేసేస్తారు. ఎనిమిది వందల ఫొటోలు పూర్తయ్యాక ఆయన "ఇది నా కలర్ కాదు" అంటాడు. ఆ ఫొటోగ్రాఫర్‌కి తీరిక ఉంటే తనే ఎలా చేసుకునేవాడో అలా చేసివ్వడమే మన పని. కింద చెప్పేదంతా దానికోసమే.

1. ఏ పని తీసుకుంటారో ముందే తేల్చుకోండి

ఈ పనిలో నాలుగు రకాలున్నాయి: సెలెక్షన్ (మంచి ఫొటోలు ఏరడం), కలర్ కరెక్షన్ (రంగు, వెలుగు సరిచేయడం), రీటచింగ్ (మొటిమల్లాంటివి తీయడం), ఆల్బమ్ డిజైనింగ్. మొదటి ఆరు నెలలు రెండే తీసుకోండి. నా సలహా సెలెక్షన్, కలర్ కరెక్షన్. ఈ రెండూ నమ్మకంగా చేస్తే ఆల్బమ్ పని దానంతట అదే వస్తుంది. వీడియో ఎడిటింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. దానికి మెషీన్ వేరు, టైమ్ వేరు.

పెళ్లిళ్ల మీదే ఆధారపడితే ఆషాఢం, పుష్యం వచ్చాయంటే డిస్కులు రావడం ఆగిపోతుంది. మూఢం వచ్చినా అంతే. ఆ నెలల కోసం బారసాల, ఓణీల ఫంక్షన్, హోటల్ ఫుడ్ ఫొటోలు, అమ్మకానికి పెట్టిన ఫ్లాట్ల ఫొటోలు తీసేవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

2. గది, మానిటర్, కరెంటు

కంప్యూటర్ మీద లక్ష పెట్టి మానిటర్ దగ్గర పొదుపు చేసేవాళ్లు ఎక్కువ. మీరు ఆ పొరపాటు చేయకండి. ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర) ఉన్న మానిటర్, దానికి ఒక కాలిబ్రేటర్ (తెర రంగులు కొలిచి సరిచేసే పరికరం) తప్పనిసరి. కాలిబ్రేటర్ కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, నెలకోసారి చేతులు మార్చుకోవచ్చు.

కాలిబ్రేషన్‌కి ముందు మానిటర్ అరగంట ఆన్‌లో ఉండాలి. వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) 6500 కెల్విన్, గామా (మధ్యస్థ వెలుగుల తీరు) 2.2, తెర వెలుగు 100 నుంచి 120 నిట్ల మధ్య పెట్టండి. ఈ వెలుగు సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదట్లో మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పనిచేసేవాణ్ని. తెర మీద ముఖాలు బాగా వెలుగుగా కనిపించేవి కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గించేవాణ్ని. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చేసరికి పెళ్లికూతురి ముఖం దగ్గర్నుంచి అంతా చీకటి. నలభై షీట్లు నా డబ్బుతో మళ్లీ ప్రింట్ చేయించి ఇచ్చాను.

గోడలకు తెలుపు గానీ బూడిద రంగు గానీ ఉండాలి. ఎదుటి గోడ నారింజ రంగులో ఉంటే మీరు వేసే ప్రతి స్కిన్ టోన్‌లో తేడా వస్తుంది. కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. పగలు చేసిన ఫొటో, రాత్రి చేసిన ఫొటో ఒకేలా ఉండాలంటే గదిలో వెలుతురు మారకూడదు.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి ఇనుముని ఊరికే వదలదు. పోర్టులు, కేబుల్ పిన్నులు తుప్పు పడతాయి. డిస్కులు మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి ఉంచండి, ప్యాకెట్లు అప్పుడప్పుడూ మార్చండి. యూపీఎస్ లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా పనిచేయకండి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే లైట్‌రూమ్ కేటలాగ్ (మనం చేసిన మార్పులన్నీ దాచుకునే ఫైలు) పాడైపోవచ్చు.

3. రేటు లెక్క

"పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడు?" అని అడిగి రేటు పెట్టకండి. మీ గంట ఖరీదు ఎంతో ముందు తెలుసుకోండి.

ఒక ఉదాహరణ. అద్దె, కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్ చందా, ఒక అసిస్టెంట్ జీతం, మీ జీతం, మెషీన్ అరుగుదల, అన్నీ కలిపి నెలకు 75,000 రూపాయలు అనుకుందాం. ఇద్దరు మనుషులు, 25 రోజులు, రోజుకు నికరంగా 6 గంటలు పనిచేస్తే 300 గంటలు. అంటే గంటకు 250 రూపాయలు మీకు పడే ఖర్చు. గంటకు 60 ఫొటోలు కలర్ కరెక్షన్ చేయగలిగితే ఒక్కో ఫొటోకు నాలుగు రూపాయల పైచిలుకు అవుతుంది. దాని మీద కరెక్షన్ల టైమ్, సీజన్ లేని నెలల నష్టం, లాభం కలుపుకుంటే ఆరో ఏడో అవుతుంది. ఈ అంకెలు లెక్క చూపడానికి చెప్పినవే, మీ అంకెలు మీరు వేసుకోండి.

మీ అసలు వేగం తెలియాలంటే మూడు పనులకు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మనం అనుకునేదానికన్నా టైమ్ ఎక్కువే పడుతుంది.

4. పని తీసుకునే రోజు: జాబ్ షీట్

మీరు ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. ఎంత తెలిసిన ఫొటోగ్రాఫర్ అయినా, "అన్నయ్యా, రెండు నిమిషాలు" అని కూర్చోబెట్టి ఈ కాగితం నింపండి. ఫోన్‌లో మాట్లాడుకున్నవి మర్చిపోతాం. ఆయనా మర్చిపోతాడు.

- ఈవెంట్ ఏది, తేదీ, ఎన్ని కెమెరాలు, మొత్తం ఎన్ని ఫొటోలు, ఎన్ని జీబీ
- రా ఫైళ్లా (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే అసలు ఫైళ్లు), జేపెగ్ ఫైళ్లా
- ఏ పని కావాలి, ఎన్ని ఫొటోలు తిరిగి ఇవ్వాలి
- ఆయన ఇదివరకు తనే చేసుకున్న పది ఫొటోలు (ఇవి లేకుండా పని మొదలుపెట్టొద్దు)
- ఇష్టం లేనివి: "ఆకుపచ్చ మార్చొద్దు", "నలుపు తెలుపు వద్దు" లాంటివి
- వధూవరుల ఇళ్లలో తప్పనిసరిగా కనిపించాల్సిన మనుషులు, వాళ్ల ఫొటోలు
- ఎప్పటికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి
- రేటు, అడ్వాన్స్, ఎన్నిసార్లు కరెక్షన్లు ఉచితం
- ఫైళ్లు మన దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి

చివరగా ఒక ప్రశ్న అడగండి: ఈ ఫొటోలు మనం శాంపిల్‌గా చూపించుకోవచ్చా? డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదేనని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. ఎడిట్ చేసినంత మాత్రాన ఆ ఫొటో మనది కాదు. ఒక ఆడపిల్ల పసుపు ఫొటోని ఆమెకు తెలియకుండా "ముందు, తర్వాత" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం తప్పు. ముక్కూమొహం తెలియని ఏఐ సైట్లలోకి ఆ ఫొటోలు ఎక్కించడమూ తప్పే.

5. ఫైళ్లు దించుకోవడం, కాపీలు

డిస్క్ ఇవ్వగానే ఆయన ముందే తెరిచి ఫోల్డర్లు, ఫైళ్ల సంఖ్య చూసి జాబ్ షీట్ మీద రాయండి. ఎప్పుడూ కాపీ చేయండి, కట్ చేయొద్దు. సగంలో కేబుల్ కదిలితే కట్ చేసిన ఫైలు ఇక్కడా అక్కడా లేకుండా పోవచ్చు. కాపీ అయ్యాక సంఖ్య, సైజు మళ్లీ సరిచూడండి.

మొత్తం మూడు కాపీలు ఉండాలి: ఫొటోగ్రాఫర్ దగ్గర ఒకటి, మీ పని డిస్క్‌లో ఒకటి, వేరే ఇంట్లో ఒకటి. వేరే ఇల్లు ఎందుకని అడుగుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. తుపాన్ల నెలలూ కార్తీకం పెళ్లిళ్లూ ఒకేసారి వస్తాయి. అంటే మన దగ్గర ఎక్కువ డిస్కులు ఉండేదీ అప్పుడే.

శ్రీకాకుళం, అనకాపల్లి ఫొటోగ్రాఫర్లు డిస్క్ పార్సిల్ చేస్తామంటే బుడగల కవర్‌లో రెండు చుట్లు చుట్టి అట్టపెట్టెలో పెట్టమనండి. కార్డులోంచి తీసిన ఒకే ఒక్క కాపీని మాత్రం పార్సిల్‌లో పంపొద్దని గట్టిగా చెప్పండి.

నెట్‌లో పంపించాలంటే ముందు లెక్క వేయండి. ఒక రా ఫైలు 30 ఎంబీ అనుకుంటే మూడు వేల ఫొటోలు 90 జీబీ. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ నిలకడగా దొరికినా రెండు గంటలు పడుతుంది. ఆయనకూ లైట్‌రూమ్ ఉంటే ఇంకో దారి ఉంది. స్మార్ట్ ప్రివ్యూలు (అసలు ఫైళ్లకు చిన్న సైజు నకళ్లు) తయారుచేసి, అసలు ఫైళ్లు లేకుండా కేటలాగ్, ఆ ప్రివ్యూలు మాత్రమే పంపమనండి. మీరు వాటి మీద కలర్ చేసి కేటలాగ్ తిరిగి పంపితే ఆయన దగ్గర ఉన్న అసలు ఫైళ్లకు అదే కలర్ పడుతుంది. స్మార్ట్ ప్రివ్యూ పొడవు 2560 పిక్సెళ్లే కాబట్టి ఫోకస్ చూసి సెలెక్షన్ చేయడానికి, రీటచింగ్‌కి ఇది పనికిరాదు.

6. సెలెక్షన్

రెండు మూడు కెమెరాలుంటే మొదట టైమ్ కలపండి. మంగళసూత్రం కట్టిన క్షణం లాంటిది రెండు కెమెరాల్లోనూ వెతికి, ఎన్ని నిమిషాల తేడా ఉందో చూసి, లైట్‌రూమ్‌లోని 'ఎడిట్ క్యాప్చర్ టైమ్'తో సరిచేయండి. దీన్ని వదిలేస్తే తలంబ్రాల ఫొటోలు జీలకర్ర బెల్లం ముందు వచ్చి కూర్చుంటాయి.

మొదటిసారి తిరగేసేటప్పుడు కళ్లు మూసినవి, ఫోకస్ లేనివి, ఫ్లాష్ వెలగనివి తీసేయండి. రెండోసారి ఒకేలాంటి వాటిలో మంచిది ఉంచండి. ఏదీ డిలీట్ చేయొద్దు, రిజెక్ట్ గుర్తు పెడితే చాలు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, అప్పగింతల ఫొటో కాస్త మసకగా ఉన్నా పక్కన పెట్టకుండా ఫొటోగ్రాఫర్‌ని అడగండి. ఒక మూల కూర్చున్న ముసలామె ఫొటో ఒక్కటే ఉంటే అది కూడా ఉంచండి. ఆ ఇంట్లోవాళ్లకు ఆమె ఎవరో మనకు తెలియదు.

7. ముందు ఇరవై ఫొటోలు

మొత్తం పని ఇక్కడే గెలుస్తాం, ఇక్కడే ఓడిపోతాం. సెలెక్షన్ అయ్యాక రకరకాల వెలుతురుల్లోంచి ఇరవై ఫొటోలు ఏరండి: పగలు పసుపు, రాత్రి మండపం, స్టేజ్ మీద రిసెప్షన్, గ్రూప్ ఫొటోలు, ఆరుబయట జంట. ఆయన ఇచ్చిన పది ఫొటోలు పక్క విండోలో పెట్టుకుని వీటికి కలర్ చేయండి. పంపి, ఆయన సరే అనేదాకా మిగతావి ముట్టుకోకండి.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింక్‌గానో పంపండి. నేను పెట్టే మెసేజ్ ఇలా ఉంటుంది:

"అన్నయ్యా, 20 శాంపిల్స్ పంపాను. ఫోన్‌లో చూస్తే ఐ కంఫర్ట్ మోడ్ ఆపి చూడండి, వీలైతే సిస్టమ్‌లో చూడండి. స్కిన్, చీర రంగు, మండపం వెలుగు, ఈ మూడూ చెప్పండి. మీరు ఓకే అన్నాకే మిగతావి మొదలుపెడతాను."

"బాగుంది" అని ఒక్క మాటతో ఊరుకుంటే మళ్లీ అడగండి. "కొంచెం పచ్చగా ఉంది" అంటే ఏ ఫొటో, ఏ చోట అని అడగండి. ఓకే అన్న ఫొటోలను విడి ఫోల్డర్‌లో ఉంచితే తర్వాత వచ్చే ప్రతి పనికీ అవే కొలత.

8. కలర్ కరెక్షన్: మన వెలుతురులో వచ్చే చిక్కులు

ఒక వరసలో చేయండి. కెమెరా ప్రొఫైల్ (రంగులకు మొదటి రూపం ఇచ్చే సెట్టింగ్), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా సరిచేయడం), ఎక్స్‌పోజర్, తర్వాత కాంట్రాస్ట్, చివర్లో విడివిడి రంగులు. ఒకే వెలుతురులో తీసినవన్నీ ఒక గుంపు. గుంపులో ఒకటి పూర్తిచేసి మిగతావాటికి సింక్ చేసి (అవే మార్పులు వేసి), ఒక్కొక్కటీ చూస్తూ ఎక్స్‌పోజర్ సరిచేయండి. సింక్ కొట్టి చూడకుండా వదిలేయడమే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు.

పసుపు వేడుక. ఫ్రేమ్ నిండా పసుపు ఉంటే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ నీలం వైపు లాగేస్తుంది. పసుపు రాయకముందు తీసిన ఫొటోలో తెల్ల పంచె మీద వైట్ బ్యాలెన్స్ తీసుకుని, ఆ కెల్విన్ అంకెనే మిగతా అన్నిటికీ వేయండి. మొత్తం పసుపు రంగు తగ్గిస్తే బంగారం కూడా వెలిసిపోతుంది. ముఖానికే మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని) తగ్గించండి.

ఎర్ర పట్టుచీర. రెడ్ ఛానల్ నిండిపోయి జరీ పనితనం కనిపించకుండా ఎర్రటి ముద్దలా అవుతుంది. మొత్తం ఎక్స్‌పోజర్ తగ్గించకుండా ఎరుపు శాచురేషన్ (రంగు గాఢత) మాత్రం తగ్గించండి. చాలకపోతే ఇంకా మెత్తని కెమెరా ప్రొఫైల్‌కి మారండి.

మండపంలో వంకాయ రంగు ఎల్‌ఈడీలు. ఒకే రంగు లైటు పడిన ముఖంలో మిగతా రంగుల సమాచారమే ఉండదు, దాన్ని వైట్ బ్యాలెన్స్ బాగుచేయలేదు. ముఖానికి మాస్క్ వేసి ఊదా, మెజెంటా తగ్గించి చూడండి. అప్పటికీ కుదరకపోతే నలుపు తెలుపు చేయవచ్చేమో ఫొటోగ్రాఫర్‌ని అడగండి.

ఆర్కే బీచ్, రుషికొండ పొద్దుటి షూట్లు. సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు కాబట్టి సముద్రం వెనక ఉండేలా నిలబడితే ముఖాలు చీకటి. ఆకాశం హైలైట్లు కాపాడి, మనుషులకే మాస్క్ వేసి వెలుగు పెంచండి. షాడోలు మొత్తం లేపితే గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది. డీహేజ్ (మసక తగ్గించే స్లైడర్) వెనక భాగానికే వేయాలి, ముఖాల మీద పడితే చర్మం నల్లగా, గరుకుగా అవుతుంది. సాయంత్రం ఇంకో రకం. పొద్దు కొండల వెనక్కి దిగేసరికి తీరమంతా నీడ, ముఖాలు నీలంగా వస్తాయి. కాస్త వెచ్చదనం కలపండి గానీ అది సాయంత్రమని తెలియాలి.

సముద్రపు రేఖ ఒరిగి ఉంటే ముందు దాన్ని తిన్నగా చేయండి. ఆకాశంలో సెన్సర్ దుమ్ము చుక్కలు 'విజువలైజ్ స్పాట్స్' పెడితే బయటపడతాయి. అవి ప్రతి ఫ్రేమ్‌లో ఒకేచోట ఉంటాయి కాబట్టి ఒకసారి తీసి సింక్ చేయవచ్చు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. మట్టి మీద పడిన ఎండ కింద నుంచి ముఖం మీదికి కొడుతుంది. గడ్డం కింద, తెల్ల చొక్కా మీద నారింజ ఛాయ వస్తుంది. ఆ చోట్లే బ్రష్‌తో చల్లబరచండి. మొత్తం ఫొటో చల్లబరిస్తే ఎర్రమట్టి అందమే పోతుంది.

అరకు ఫొటోల్లో ఆకుపచ్చ ప్లాస్టిక్‌లా రాకుండా చూసుకోండి. ఆకుపచ్చ శాచురేషన్ తగ్గించి, కాస్త పసుపు వైపు జరిపితే చాలు. మంచుని డీహేజ్‌తో తుడిచేయకండి, జంట అంత దూరం వెళ్లింది దానికోసమే.

9. రీటచింగ్

రెండు వారాల్లో పోయే మొటిమ తీసేయండి. పుట్టుమచ్చ, గాటు, కళ్ల కింద గీతలు ఉంచండి. ఆటోమేటిక్ స్కిన్ టూల్స్ బుగ్గచుక్కని, కల్యాణ తిలకం అంచుల్ని, ముక్కుపుడకని కూడా మచ్చలనుకుని తుడిచేస్తాయి. బ్యాచ్‌లో వేశాక పెళ్లికొడుకు, పెళ్లికూతురు దగ్గరి ఫొటోలు ప్రతి ఒక్కటీ నూరు శాతం జూమ్‌లో చూడండి.

"అమ్మాయిని తెల్లగా చెయ్యి" అనే మాట తప్పకుండా వస్తుంది. నేను చేయను. వెలుతురు తక్కువై ముఖం చీకటిగా ఉంటే వెలుగు పెంచుతాను, చర్మం రంగు మాత్రం మార్చను. చామనఛాయ అమ్మాయిని పాలిపోయినట్టు చేస్తే మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు, పక్కన అమ్మ ఇంకో రంగు. పైగా ఆ అమ్మాయి తన పెళ్లి ఆల్బమ్‌లో తనని తాను చూసుకోవాలి కదా. ఫొటోగ్రాఫర్‌కి ఇలా చెప్పండి: "వెలుగు బాగా తెస్తానన్నా, రంగు అలాగే ఉంచుతాను, ఒకసారి చూసి చెప్పండి." నాకు తెలిసి చూశాక ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ.

10. ఆల్బమ్ షీట్లు

సైజు, అంచు కోత ఎంతో ల్యాబ్‌ని అడిగాకే ఫైలు తెరవండి. 12×36 అంగుళాల షీట్ 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్లు. మధ్య మడత మీద ముఖం రాకూడదు.

- పేర్ల స్పెల్లింగ్, తేదీ శుభలేఖ చూసి వేశారా
- కార్యక్రమాల వరస ఆ ఇంటి ఆచారం ప్రకారం ఉందా (ఫొటోగ్రాఫర్‌ని అడగండి)
- రెండు వైపుల బంధువులకూ సమానంగా చోటు దొరికిందా
- ఒకే ఫొటో రెండు షీట్లలో పడిందా

ల్యాబ్ వేరే ప్రొఫైల్ అడగకపోతే ఎస్‌ఆర్‌జీబీలోనే (మామూలు తెరలు వాడే రంగుల ప్రమాణం) ఇవ్వండి. అడోబీ ఆర్‌జీబీలో ఇచ్చినది ప్రొఫైల్ పట్టించుకోని మెషీన్‌లో పడితే రంగులు వెలిసినట్టు వస్తాయి. కొత్త ల్యాబ్ అయితే ఒక్క షీట్ ముందు ప్రింట్ చేయించి మీ మానిటర్ పక్కన పెట్టి చూసుకోండి.

11. అప్పగింత, కరెక్షన్లు, డబ్బు

ఫైలు పేర్లలో కెమెరా ఇచ్చిన నంబరు ఉంచండి. ఏదైనా మార్చమంటే అసలు ఫైలు దొరకాలి. చెప్పిన తేదీకి ఒక రోజు ముందే ఇచ్చేలా ప్లాన్ చేసుకోండి. ఆలస్యమయ్యేలా ఉంటే ముందు రోజే ఫోన్ చేయండి. ఆయన మీద అవతల పెళ్లివారి టెన్షన్ ఉంటుంది.

కరెక్షన్లు అన్నీ ఒకేసారి, ఫైలు నంబర్లతో రాసి పంపమనండి. మన తప్పు ఎన్నిసార్లయినా ఉచితంగా సరిచేయాలి. ఆయన మనసు మారి అడిగినవి ఒక్కసారి ఉచితం, తర్వాత రేటు. ఇది జాబ్ షీట్‌లో ముందే ఉంటే మాట రాదు.

అడ్వాన్స్ సగం తీసుకోండి. బ్యాలెన్స్ వచ్చేదాకా చిన్న సైజు ఫైళ్లు చూపించి, వచ్చాక పూర్తి సైజు ఇవ్వండి. అయితే డబ్బు తేలలేదని ఆయన అసలు ఫైళ్లు ఆపొద్దు. అవి మనవి కావు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం, చేయించుకోండి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేలా ఉంటే జీఎస్టీ సంగతి ఆడిటర్‌తో ముందే మాట్లాడండి. ప్రతి పనికీ బిల్లు నంబరు ఉండాలి.

12. ఫైళ్లు తీసేసేటప్పుడు

ఇచ్చేశాం కదా అని వెంటనే తుడిచేయకండి. ఆల్బమ్ ప్రింటై పెళ్లివారి చేతికి వెళ్లేదాకా ఉంచండి. ఆ తర్వాత గడువు దాటినా చెప్పకుండా తీసేయొద్దు. వారం ముందు ఒక మెసేజ్: "అన్నయ్యా, ఫలానా పెళ్లి ఫైళ్లు వచ్చే సోమవారం తీసేస్తున్నాను. మీ దగ్గర కాపీ తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసి చెప్పండి." జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఆయన డిస్క్ తెరిచి చూసి చెప్పాకే తీసేయండి.